చిత్రిక పట్టిన పిడి

స్పోర్టు పిస్టల్ చూడ్డానికి అందంగా ఉండదు. పిడి చెక్క లావుగా, ఎగుడుదిగుడుగా, అరచేయి ఆనడానికి కింద ఒక మెట్టుతో ఉంటుంది. నడుముకు దోపుకుంటే గుచ్చుకుంటుంది. దాన్ని దోపుకునేవాళ్లు కూడా ఉంటారని తయారుచేసినవాళ్లకు తట్టి ఉండదు. పాపం, వాళ్లు మా కడప జిల్లా చూసినవాళ్లు కారు.

నాది పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కితే ఒక గుండు పోతుంది. పైభాగం దానంతటదే వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను ఎక్కించుకుంటుంది. మళ్లీ నొక్కితేనే మళ్లీ పేలుతుంది. సినిమాల్లోలా గుండ్ల వాన కురిపించదు. గురి చూసే పలకకు చిన్న మరలుంటాయి, గుండు పక్కకు పోతుంటే రవ్వంత తిప్పుకోవచ్చు. ట్రిగ్గర్ మరీ తేలిగ్గా ఉందేమోనని పోటీకి ముందు దానికి తూకంరాయి వేలాడదీసి చూస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, పిడి ఒక ఎత్తు. అది చేతికి అతికినట్టు కుదిరితే కళ్లు మూసుకుని చెయ్యెత్తినా గురి అక్కడికే పోతుంది. నా పిడిని నేనే ఆకురాయితో అరగదీసి, చాలనిచోట లప్పం పెట్టి, ఏడాది పాటు నా చేతికి కుదుర్చుకున్నాను.

నాకు లైసెన్సు వయసు రాలేదు కనుక పిస్టల్ నాయన పేరు మీద ఉండేది. ప్రొద్దుటూరులో మా ఇంటి బీరువాలో పెట్టేవాళ్లం, తాళం ఆయన దగ్గరే. ఆ ఏడు దసరా అయిన వారానికి జూనియర్ల రాష్ట్ర సెలక్షన్లు. జూనియర్‌గా నాకదే ఆఖరి ఏడు. ఆ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

జమ్మలమడుగు పక్కన పల్లెలో ఉండే మా పెద్దనాయన ఆయుధపూజకు పిస్టల్ పంపమన్నాడు. కొడవలి మొదలుకొని ట్రాక్టర్ దాకా ఇంటి ఇనుమంతా ఆ రోజు పూజలో ఉండాలనేది మా వాళ్ల పట్టుదల. నేను వద్దన్నాను. బొట్టు పెడితే అరిగిపోతుందా అని నాయన కసిరి, తనే తీసుకుపోయాడు.

పూజ అయిపోయినా అది వెంటనే తిరిగి రాలేదు. వచ్చాక పెట్టె తెరిచి చూస్తే గొట్టం మీద కుంకుమ బొట్టు. పిడికి మెట్టు లేదు. రెండు పక్కలా చిత్రిక పట్టి, వార్నిష్ వేసి, తళతళలాడించారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

నాయన ఏ దాపరికం లేకుండా చెప్పాడు. పొలానికి పోయే రస్తా గురించి పెద్దనాయనకూ దాయాదులకూ చాలా కాలంగా తగాదా. పులివెందులలో పెద్దమనుషుల ముందు పంచాయితీ పెట్టారు. పిస్టల్ చొక్కా కింద దోపుకుని, పిడి మాత్రం బయటికి కనబడేలా కూర్చోవాలని పెద్దనాయన ఆలోచన. గుచ్చుకుంటోందని ముందురోజే వడ్రంగం చేసే వడ్లాయన చేత సాపు చేయించాడు. వడ్లాయన పని శుభ్రంగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

కొత్త పిడి విదేశం నుంచి రావాలి. వారంలో అయ్యే పని కాదు. లప్పం ముద్దగా పెట్టి, పైన టేపు చుట్టి పోటీకి పోయాను. మొదట్లోనే అది పగిలి చేతిలో కదలడం మొదలుపెట్టింది. గుండ్లు ఒకటి కిందికి, ఒకటి పక్కకి. మరలు తిప్పి లాభమేముంది, చెయ్యే ఒకచోట కూర్చోనప్పుడు. జాబితాలో నా పేరు లేదు.

ఇంటికొచ్చేసరికి పెద్దనాయన మా ఇంట్లోనే భోజనానికి కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"నీ పిస్తోలు ఒక్క గుండు కాల్చకుండానే గెలిచింది పాపా. వాళ్లు అట్ల చూసినారు, ఇట్ల రస్తా ఇడిసినారు."

అందులో ఆ రోజు తూటాలు కూడా లేవు. అంత గొప్ప గెలుపు. నేను ఓడిపోయి వచ్చానని చెప్పాను. పెద్దనాయన తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. జవాబు నాయన ఇచ్చాడు.

"సెలక్షను మళ్లా వస్తాది. రస్తా మళ్లా వస్తాదా?"

"నాకు మళ్లా రాదు నాయనా" అన్నాను.

ఆయన విన్నాడు. నా వైపే చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, తన అన్నకు ఇంకో సంగటి ముద్ద వేయమని అమ్మకు చెప్పాడు.