పూల మీద పడాల్సిన వెలుగు

ఈసారి బతుకమ్మ మన పెరట్లో ఆడుకుందామా అని నా భార్య అడిగినప్పుడు, లైట్ల సంగతి నాకు వదిలెయ్యమన్నాను. ఆమెది వరంగల్. అమెరికాలో ఈ షాంటిలీకి వచ్చిన పన్నెండేళ్లలో ఆమె స్కూలు జిమ్‌లోనో, ఎవరి గరాజ్‌లోనో తప్ప తన ఇంట్లో బతుకమ్మ ఆడలేదు. నాది గోదావరి జిల్లా. మా వైపు ఈ పండుగ లేదు. కానీ నలుగురిని పిలిచి మర్యాద చేయడం మా ఇంట్లో నేర్పకుండానే వచ్చేది. తాతగారి రోజుల్లో మా ఇంట పెళ్లంటే వీధి పొడవునా పెట్రోమాక్సు లైట్లు ఉండేవట. మేడా, పొలాలూ, ఆ లైట్లు మోసిన మనుషులూ మా నాన్నగారి కాలానికే పోయారు. నిటారుగా నిలబడడం ఒక్కటే నాదాకా వచ్చింది.

ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ కలిసి ఒకే రకం లైట్లు ఆర్డర్ చేస్తుంటే నేను చేరలేదు. రెండు వారాలు ఆఫీసు నుంచి రాగానే అదే పని. వానకు తడిసినా పాడవనివి, చీకటి పడగానే వాటంతటవే వెలిగేవి, ఫోన్‌తో రంగు మార్చుకునేవి, అన్నీ చదివి చదివి ఎంచుకున్నాను. పెట్టెలు వచ్చిన రోజు బట్టలు కూడా మార్చుకోకుండా నిచ్చెనెక్కాను. చూరు పొడవునా బల్బుల తీగ, గోడ మొదట్లో పైకి చూసే స్పాట్‌లైట్లు. ఫోన్ మీద వేలు జరిపితే ఇల్లంతా నీలం, మళ్లీ జరిపితే ఊదా. గడ్డిలో నిలబడి ఎన్నిసార్లు మార్చి చూసుకున్నానో లెక్కలేదు.

ఆట ఎక్కడన్నది తేల్చవలసింది మాత్రం ఒక పెద్దామె. హనుమకొండలో టీచరుగా రిటైరై, ఆరు నెలలు ఉందామని పక్క ఊరు హెర్న్‌డన్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. పాట ఎత్తుకునేది ఆమే కనుక ఆడవాళ్లంతా ఆమె ఎక్కడంటే అక్కడికే వస్తారు. "చూసినంకనే చెప్తా" అని, పండుగకు వారం ముందు శనివారం పొద్దుగూకే వేళకు మా ఇంటికి వచ్చారు. జిమ్ కావాలంటే ఆరోజే బుక్ చేయాలి.

నా భార్య దుకాణంలో దొరికిన బంతి, చామంతి పూలతో చిన్న బతుకమ్మను పేర్చి గడ్డి మధ్యలో పెట్టింది. నేను ఊదారంగు వేశాను. పెద్దామె మా ఇంటిని పైనుంచి కిందిదాకా చూశారు.

"మంచిగున్నది దొరా, నీ గడీ. మరి పూలకేవి లైట్లు?"

గడీ అంటే వాళ్ల వైపు దొరల మేడ. మా కుటుంబం సంగతి ఆమెకు తెలియదు. నేను నిలబడ్డ తీరు చూసి అని ఉంటారు. నేను పూల వైపు తిరిగాను. ఆ వెలుతురులో పచ్చటి బంతిపూలు బూడిద కుప్పలా ఉన్నాయి. గబగబా రంగు మార్చి, దీపపు వెలుతురు లాంటి పసుపు వేశాను. బంతి మళ్లీ బంతిలా కనిపించింది.

"ఇప్పుడో?" అన్నాను.

ఆమె చెప్పులు విడిచి, చప్పట్లు కొడుతూ పూల చుట్టూ ఒక్కరే తిరిగారు. ఇంటి వైపుకు వచ్చినప్పుడల్లా ఆమె నీడ పూల మీద పడింది.

"చూసినవా? నా ఒక్కదాని నీడకే మునిగినయి. ముప్పై మందిమి తిరిగితే?"

"పోనియ్యండి ఆంటీ, జిమ్మే బుక్ చేసుకుందాం. అక్కడ లైట్లు పైన ఉంటయి" అంది నా భార్య. ఆమె గొంతు తగ్గిపోవడం నేను భరించలేకపోయాను.

"ఒక్క గంట ఇవ్వండమ్మా" అన్నాను.

"గంటెందుకు? చాయ్ తాగేదాంక ఆగుత."

చూరు నుంచి తీగ విప్పాను. క్లిప్పులు రెండు విరిగాయి. పెరటి గుమ్మం ముందున్న చెక్క డెక్ స్తంభం నుంచి మేపుల్ చెట్టుకు, అక్కడి నుంచి కంచె మూలన ఉన్న ఓక్ చెట్టుకు, మళ్లీ డెక్‌కు, సరిగ్గా పూల మీదుగా పోయేలా లాగి కట్టాను. నా భార్య నిచ్చెన పట్టుకుని "ఎడమకు, ఇంకా ఎడమకు" అంటోంది. చొక్కా చిరిగింది. చిన్నప్పుడు గాలిపటం ఎగిరినప్పుడు కలిగిన తొందర, మళ్లీ ఇన్నాళ్లకు నా చేతుల్లో. స్పాట్‌లైట్లు ఆర్పేసి, ఫోన్ మీద వేలు పెట్టాను.

వెలుగు పైనుంచి దిగింది. పెద్దామె కప్పు కింద పెట్టి తిరిగారు. నీడ ఆమె పాదాల దగ్గరే ఉండిపోయింది. నా భార్య ఆమె వెనక చేరింది.

"ఇల్లు కనిపిస్తలేదు గదండీ" అంది తిరుగుతూనే.

"కనిపించకపోతేనేం. పూలు కనిపిస్తున్నాయిగా" అన్నాను. ఆ మాట నేనే అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

పెద్దామె ఫోన్ తీసి కూతురితో, "జిమ్ వద్దని చెప్పు. ఈళ్లింట్లనే" అన్నారు.

నా భార్య చప్పట్లు ఆపలేదు. నా ముందు నుంచి వెళ్తూ, "ఇంకో రెండు తీగలు ఆర్డర్ చెయ్యండి. ముప్పై మందిమి తిరిగితే ఆ మేపుల్ దాకా పోతం" అంది. నేను అప్పటికే ఫోన్‌లో వెతుకుతున్నాను.