మోటారుకు నిమ్మకాయలు

ముక్త్యాలలో సొలొమోను ఇంట్లో మోటారుకు మంచం ఉంది, సొలొమోనుకు లేదు. పడవ వెనక చెక్కకు బిగించే చిన్న మోటారది. పైన రేకు టోపీ కింద ఇంజను, దాని నుంచి కిందికి పొడుగాటి కాలు, కాలి చివర మూడు రెక్కల ఫ్యాను. దానికి నవారు మంచం, తలకింద దిండు, ఒంటి మీద దుప్పటి. ఇవన్నీ సిమెంటు ఫ్యాక్టరీ లారీల పుణ్యం. లారీలు లేపే దుమ్ము మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే నష్టమేమీ లేదనీ, కార్బురేటర్లోకి పోతే మాత్రం పడవ నడి ఏట్లో ఆగిపోతుందనీ సొలొమోను సిద్ధాంతం.

"పెళ్లయిన కాడి నుంచి నాకు దుప్పటి కప్పిన మొహం కాదు" అని అతని భార్య కృపావతి ఇరుగుపొరుగులకు చెబుతుండేది. "జ్వరం వచ్చిన రోజున కూడా కప్పలా. దానికి మాత్రం చలి ఎక్కువంట."

మోటారు సొలొమోనుది కాదు. భవానీప్రసాద్ గారిది. వారికి జగ్గయ్యపేటలో మేడ, నందిగామలో ఎరువుల కొట్టు, కృష్ణకు అవతలి ఒడ్డున పల్నాటి వైపు మిరపతోటలు ఉన్నాయి. తోటలకు కూలీలను దాటించడానికి పడవా, పడవకు మోటారూ కొన్నారు. మేడలో గదులకు కొదవ లేదు కానీ, పెట్రోలు వాసన పూజగది దాకా వస్తోందని వారి ఇల్లాలు రాజ్యశ్రీ గారు ముక్కు మూసుకున్నారు. అందుకని మోటారు సొలొమోను ఇంటికి వచ్చి, వచ్చిననాడే మంచం ఎక్కింది.

అంతకుముందు సొలొమోను గెడ వేసి పడవ నడిపేవాడు. గెడ వేసినన్నాళ్లూ ఊరికి అతను "పడవోడు". "ఒరే పడవోడా, ఇటు తిప్పు" అని అవతలి ఒడ్డు నుంచి గొర్రెల కాపరులు కూడా కేకేసేవాళ్లు. మోటారు తాడు లాగిన మొదటి రోజు నుంచి అతను "డ్రైవర్ గారు" అయ్యాడు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు సంఘం కోసం ప్రార్థన చేస్తూ "మా డ్రైవర్ సొలొమోను గారి చేతులను బలపరచు ప్రభువా" అన్నప్పుడు, కళ్లు మూసుకున్న సొలొమోను ఒక కన్ను తెరిచి ఎవరెవరు విన్నారో చూసుకున్నాడు. అతనికి పొలం లేదు. పడవ పైవాళ్లది. మోటారు పైవాళ్లది. తనదంటూ ఉన్నది ఆ రెండు మాటలే. అవి పోతే మళ్లీ పడవోడే. అదొక్కటే అతని భయం.

ఇక నిమ్మకాయల సంగతి.

మోటారును మొదటిసారి నీళ్లలోకి దింపిన రోజున జగ్గయ్యపేట నుంచి పంతులు గారిని పిలిపించారు. కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు. ఆ తరవాత శాస్త్రానికి గొప్ప చిక్కు వచ్చింది. లారీ అయినా, ట్రాక్టరయినా, నిన్నగాక మొన్న పుట్టిన ప్రొక్లెయినరయినా, కొత్త బండికి టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. పడవ మోటారుకు టైరెక్కడిది? పంతులు గారు చేతిలో నిమ్మకాయలు పట్టుకుని ఏటి వంక చూశారు. ఏరు ఏమీ చెప్పలేదు. ఇంత పోసి కొన్న వస్తువును నిమ్మకాయ తొక్కించకుండా నీళ్లలోకి పంపడమా అని భవానీప్రసాద్ గారి మొహం నల్లబడింది.

సొలొమోను అప్పటిదాకా చేతులు కట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. అలాగే నిలబడి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"టైరు లేకపోతే ఏందండీ" అన్నాడు. "తిరిగేదేగా చక్రం. ఫ్యానుకు కడితే సరిపోద్ది."

పంతులు గారికి ప్రాణం లేచి వచ్చింది. "తిరిగేదంతా చక్రమే" అని, ఆ ముక్క ఏ శ్లోకంలోదో అన్నంత గంభీరంగా పలికారు. కట్టడానికి దారం కావాల్సి వచ్చింది. సొలొమోను వల బాగుచేసుకునే నైలాను దారం జేబులోంచి తీశాడు. పంతులు గారు దానికి పసుపు రాశారు. పట్టుపంచెతో మోకాటిలోతు నీళ్లలోకి దిగడం కుదరదు కాబట్టి, రెక్కకొకటి చొప్పున మూడు నిమ్మకాయలనూ సొలొమోనే కట్టాడు.

"చూశారా" అన్నారు భవానీప్రసాద్ గారు, వచ్చిన వాళ్లందరికీ వినపడేట్టు. "దేవుడు వేరయినా మనసు మనదేనయ్యా వీడిది."

తాడు లాగగానే మోటారు మొదటి చుట్టు తిరిగింది. నిమ్మకాయలు మూడూ మూడు దిక్కులకు ఎగిరి కృష్ణలో పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. దారం ఎటు పోయిందని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి కృపావతి అన్నం పెడుతూ, "పాస్టరు గారికి తెలిస్తే ఏమంటాడో" అంది.

"ఏమంటాడు. నేను మొక్కానా? ముడేసా."

తరవాత మోటారు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. నందిగామ కొట్లో యూరియా బస్తా కొనడానికి వచ్చిన ప్రతి రైతుకూ, బస్తాతో పాటు నిమ్మకాయల మహిమ కూడా అందేది. మోటారు ఆగకపోవడానికి వేరే కారణం ముక్త్యాలలో ప్రతి శనివారం మధ్యాహ్నం జరిగేది. దాన్ని నందిగామ దాకా మోసుకుపోయేవాళ్లు లేరు.

శనివారం సొలొమోను ఇంటి ముందు ఎరువుల కొట్టు నుంచి వచ్చిన నీలం డ్రమ్ము నిండా మంచినీళ్లు పోసేవాడు. వేపచెట్టుకూ స్నానాల గోడకూ మధ్య బిగించిన పలకకు మోటారును తగిలించి, దాని కాలు డ్రమ్ములో ముంచి తాడు లాగేవాడు. వీధి వీధంతా పొగ. కాసేపటికి మోటారు పక్కన చిన్న బెజ్జంలోంచి సన్నగా నీటి ధార వచ్చేది. ఆ ధార వస్తే లోపల ఇంజను చల్లబడుతున్నట్టు. సొలొమోను దాని కింద అరచేయి పెట్టి కళ్లు మూసుకునేవాడు. నాడి చూసే వైద్యుడి మొహంలో కూడా అంత బరువు ఉండదు.

"గోరువెచ్చగా ఉంది" అని ప్రకటించేవాడు. "బాగుంది."

తరవాత ప్లగ్గు విప్పి పళ్లు తోముకునే బ్రష్షుతో తోమేవాడు. అది పాత బ్రష్షేనని అతను అంటాడు. కృపావతి ఒప్పుకోదు. తరవాత పెట్రోలు జల్లెడ. చివరకు, కొన్ని వారాలకొకసారి, కాలి కింది భాగంలో ఉండే గేరు నూనె. దానికి కింద ఒక మర, పైన ఒక మర ఉంటాయి. కింది మర విప్పి, పై మర వదులు చేస్తే పాత నూనె ఆముదంలా దిగుతుంది. కొత్త నూనె కింది బెజ్జంలోంచి ఎక్కించి, పై బెజ్జంలో కనపడగానే మరలు బిగించాలి.

మిరపకోతలు మొదలయ్యే ముందు ఒక శనివారం అలాగే మరలు విప్పాడు. ఆముదం రాలేదు.

"అదేంది, మజ్జిగ కారుతుంది?" అంది కృపావతి.

సొలొమోను వేలితో ముట్టి చూశాడు. తెల్లగా, చిక్కగా ఉంది. "నీళ్లు" అన్నాడు. "లోపలికి నీళ్లు పోయినయ్. నూనెతో కలిసి ఇట్టా అయిద్ది. ఇట్టాగే నడిపితే గేర్లు అరిగి కూర్చుంటయ్."

ఫ్యాను పిన్ను తీసి రెక్కలు బయటికి లాగాడు. రెక్కల వెనక ఇరుసు చుట్టూ దారం చుట్టుకుని ఉంది. బిగిసి బిగిసి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీలును కోసేసింది. నైలాను దారం. మడతల్లో ఇంకా పసుపు ఉంది.

సొలొమోను దాన్ని విప్పి అరచేతిలో వేసుకున్నాడు.

"ఏట్లో వలదారం చుట్టుకుందని చెప్పు" అంది కృపావతి. "కృష్ణ నిండా దారాలే గదా. ఎవరొచ్చి చూస్తారు?"

"వల మీదికి పోనిచ్చానని నేనే చెప్పుకోవాలా? డ్రైవరు అన్నోడు వల మీదికి పోనిస్తాడా?"

"పోనీ, నిజం చెప్తావా?"

"నిజం చెప్తే నా తప్పేముంది? పూజ వాళ్లది. నిమ్మకాయలు వాళ్లయ్యి."

ఈ లెక్కలో సొలొమోను వదిలేసిన అంకె సొలొమోనే. అది అతనికి తట్టలేదు. ఫోను చేశాడు.

సాయంత్రం భవానీప్రసాద్ గారు కారులో వచ్చారు, మేనల్లుడు హరిచరణ్‌ను వెంటబెట్టుకుని. సొలొమోను దారాన్ని తమలపాకులో వక్క పెట్టి ఇచ్చినట్టు అరచేతిలో పెట్టి చూపించాడు.

"పసుపు ఉందండీ. మన నిమ్మకాయల దారమే."

భవానీప్రసాద్ గారు దారాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నారు. నందిగామలో ఎంతమందికి ఎన్ని బస్తాలతో పాటు ఆ మహిమ అమ్మారో గుర్తు చేసుకుంటున్నట్టు కనిపించారు.

"నిమ్మకాయ చెడుపు చేసిద్దా?" అన్నారు చివరకు.

"నిమ్మకాయ కాదండీ. దారం."

"దారం ఎవరిది?"

"నాదేనండి."

"కట్టిందెవరు?"

"నేనేనండి. ఆరోజు మీరే..."

"నువ్వు ఆదివారం పోయేది గుడికా, చర్చికా?"

"చర్చికండి."

"మరి?" అన్నారు భవానీప్రసాద్ గారు.

తీర్పు అయిపోయింది. కోర్టుల్లో దీనికి ఏళ్లు పడుతుంది.

"నమ్మకం లేనోడు కడితే అది నిమ్మకాయెట్టా అయిద్ది మామయ్యా" అన్నాడు హరిచరణ్. "పచ్చడి కాయ."

"ఆరోజు మెచ్చుకున్నారు గదండీ" అన్నాడు సొలొమోను. అనకుండా ఉండాల్సింది.

"మెచ్చుకున్నా. నేనే కాదంటున్నానా? మంచితనం చూసి మెచ్చుకున్నా. ఎవరి పని వాళ్లు చెయ్యాలని అప్పుడు తోచలా."

మోటారు కారు డిక్కీలో విజయవాడ పోయింది. కొత్త సీలు వేయించుకుని వచ్చింది. దానితో పాటు వత్సవాయి నుంచి కొత్త డ్రైవరు కృష్ణయ్య వచ్చాడు. అతను నిన్నటిదాకా ట్రాక్టరు నడిపాడు, పడవ ఎక్కడం అదే మొదలు. ఏరు చూస్తే కొంచెం భయం కూడా ఉంది. కానీ గుడికి పోతాడు.

శాంతిపూజకు మళ్లీ పంతులు గారే వచ్చారు. ఈసారి ఆయన ఏటి వంక చూడలేదు. "మోటారుకు ఫ్యానుకే కదా కట్టడం మన సంప్రదాయం" అని నిమ్మకాయలు తీశారు. తన నోటిమాట ఇంత తొందరగా సంప్రదాయం అవడం చూసే భాగ్యం అందరికీ దక్కదు. సొలొమోనుకు దక్కింది. గట్టు మీద నిలబడి చూశాడు. కృష్ణయ్య నీళ్లలోకి దిగి కడుతుంటే పక్కకు చేరి గొంతు తగ్గించాడు.

"తమ్మీ, నైలాను వద్దు. నూలు దారం కట్టు, తెగిపోద్ది."

కృష్ణయ్య చెడ్డవాడు కాదు. అటూ ఇటూ చూశాడు. "అన్నా, నువ్వు చెప్పింది చెయ్యొద్దని మరీ మరీ చెప్పి పంపారు" అన్నాడు. "ఇంకేం చెప్పకు. మర్చిపోయి చేసేస్తానేమో."

నైలాను దారమే కట్టాడు.

ఆ ఆదివారం పాస్టరు గారు "మా సహోదరుడు సొలొమోనును ఆదరించు ప్రభువా" అని ప్రార్థించారు. డ్రైవరూ లేదు, గారూ లేదు. సొలొమోను ఈసారి రెండు కళ్లూ మూసుకునే ఉన్నాడు.

మోటారు మాత్రం ఎటూ పోలేదు. సీలు కొత్తదయినా పెట్రోలు వాసన పాతదే, రాజ్యశ్రీ గారి ముక్కూ పాతదే. భవానీప్రసాద్ గారు స్వయంగా చెప్పి పంపారు: మోటారు సొలొమోను ఇంట్లోనే ఉంటుంది, సర్వీసు అతనే చేయాలి, పొద్దున్నే ఒడ్డుకు మోసుకొచ్చి పడవకు బిగించి కృష్ణయ్యకు అప్పజెప్పాలి. పని తెలిసినవాడి కడుపు కొట్టే మనిషిని కాదని కూడా చెప్పమన్నారట.

తరవాతి శనివారం సొలొమోను డ్రమ్ములో నీళ్లు పోశాడు. ధార చూశాడు, ఎలా ఉందో ప్రకటించలేదు. ప్లగ్గు తోమాడు. పెట్రోలు జల్లెడ కడిగాడు. పానాలు గుడ్డలో చుట్టబోతుంటే కృపావతి గడపలోంచి చూసింది.

"నూనె చూడలా?"

"అది డ్రైవరు చూసుకోవాలి."

"చూసుకుంటాడా?"

"చూసుకోకపోతే ఆగిపోద్ది. ఆగితే తెలిసిద్ది వాళ్లకి."

"ఎక్కడ ఆగిద్ది?"

సొలొమోను పానాలు గుడ్డలో చుట్టాడు.

"సోమవారం కోతకి పోతున్నా" అంది కృపావతి. "పేర్లు రాయించుకుంది మేమందరం ఆడోళ్లమే. కృష్ణయ్య నడిపే పడవలోనే. నీకు జరిగిందానికి అందరం మునగాలంటే చెప్పు, ఈతొచ్చినోళ్లని చూసి పంపిస్తా."

సొలొమోను మళ్లీ మోటారు పక్కన కూర్చున్నాడు. తరవాత గుడ్డ విప్పి కింది మర తిప్పాడు. నూనె వచ్చింది. పోయినసారంత తెల్లగా లేదు, పాలు తక్కువ పోసిన టీలా ఉంది. అయినా నీళ్లు నీళ్లే. ఫ్యాను లాగి, దారం బ్లేడుతో కోసి తీశాడు. కొత్త సీలు మీద అప్పుడే గీత పడింది.

"మళ్లీ చెప్తావా భవానీప్రసాద్ గారికి?"

"చెప్పా గదా ఒకసారి."

"మరెట్టా?"

"వారం వారం నూనె మార్చాలి. మారిస్తే ఈ కోతల వరకు లాక్కొస్తది." బ్లేడు తుడిచి పక్కన పెట్టాడు. "చెప్తే ఈ సర్వీసు కూడా కృష్ణయ్యకే ఇస్తారు. వాడికి ఏ మర ముందు విప్పాలో తెలవదు. నువ్వేమో ఆ పడవలో కూర్చుంటావు."

కృపావతి గడప దిగింది. వచ్చి పక్కన గొంతుక్కూర్చుని నూనె సీసా పట్టుకుంది. కింది బెజ్జానికి సీసా గొట్టం ఆనించి సొలొమోను మెల్లగా నొక్కుతుంటే, పై బెజ్జంకేసి చూస్తూ ఉంది.

"పైకొచ్చింది" అంది. "ఇంక బిగించు."