పది రోజుల జ్వరం

ఇంగ్లీషులో నేను పిల్లలకు నేర్పిన ఉత్తరం ఒక్కటే, సెలవు చీటీ. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు ఇప్పించండి. పరీక్షలో ఎప్పుడూ అదే వచ్చేది. అక్షరం మార్చకుండా బట్టీ పట్టండి, మార్కులు ఎక్కడికీ పోవు అనేవాణ్ణి.

అవి అరవైల మొదటి రోజులు. మైపాడు దగ్గరి హైస్కూలుకు నెల్లూరు నుంచి బస్సులో పోయి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాణ్ణి. ఆ ఊరి మంచిచెడ్డలు నాకు పట్టేవి కావు. నా క్లాసులో తెలుగు ముక్క వినపడితే బెంచీ ఎక్కాల్సిందే. అదో పెద్ద ఘనకార్యమనుకునేవాణ్ణి, నా మొహం!

తొమ్మిదో తరగతిలోకి సముద్రపు ఒడ్డున ఉన్న పాలెం నుంచి ఇద్దరే ఆడపిల్లలు వచ్చేవాళ్ళు. చేపలు పట్టి బతికే ఇళ్ళవాళ్ళు. ఒకరోజు వాళ్ళలో ఒకమ్మాయి రాలేదు. రెండో అమ్మాయి, ఆమె పక్కింటి పిల్లే, ఆమె చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అంతా నేను చెప్పినట్టే ఉంది. రెండు రోజులన్న చోట మాత్రం పది అని రాసి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

పది రోజుల జ్వరమేమిటని ఇంగ్లీషులో గద్దించాను. పక్కింటి పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. క్లాసంతా తలలు దించుకుంది. నేను ఎర్రసిరాతో పది కొట్టేసి, రెండు అని దిద్దాను. అంతకు మించితే పేరు కొట్టేస్తానని కింద రాసి, ఆ పిల్ల చేతనే వెనక్కి పంపాను.

మూడోరోజు ఆ అమ్మాయి వచ్చింది. తల దువ్వుకోలేదు. జ్వరం తగ్గిందా అని ఇంగ్లీషులోనే అడిగాను. ఆమె తనంతట తనే బెంచీ ఎక్కి నిలబడింది. అప్పుడు తెలుగులో చెప్పింది.

"జొరం కాదు సార్. పడవ తిరగబడి మా నాయన చచ్చిపోయినాడు. పదో దినం దాకా ఇంట్లోనే ఉండాల. మీరు చెప్పిన చీటీలో జొరం తప్ప ఇంకేం లేదు గదా సార్. పేరు కొట్టేస్తారని మాయమ్మే పంపించింది."

నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళయినా ఆ రోజు తలుచుకుంటే అంతే, ఏడుపు రాదు. నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"దిగమ్మా. ఇంటికి పో. నీ పేరెక్కడికీ పోదు" అన్నాను, తెలుగులోనే.

దిగింది గానీ కదల్లేదు. నోటుబుక్కు తెరిచింది. "ఏం రాయాలో చెప్పండి సార్. రాసిచ్చి పోతా."

నా మాట మీద ఆమెకు నమ్మకం లేదు. కాగితం కావాలి. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'మై ఫాదర్' అని రాశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. వెనక ఆమె ఆ రెండు మాటలూ రాసుకున్న చప్పుడు వినపడింది, తర్వాత అదీ ఆగింది.

"తర్వాతేంది సార్?" అంది.