పాడ్యమి నాటి సముద్రం

మా అమ్మ ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు గోడ మీది క్యాలెండర్ చూస్తుంది. కొత్త చీపురు కొనాలన్నా, ఊరగాయ జాడీ మూత తీయాలన్నా తిథీ వారమూ కుదరాల్సిందే. రాయచూరు బజార్లో కిరాణా అంగడి నడిపే ఇల్లు మాది. నాన్న అంగడిలో ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు గానీ, ఇంట్లో తిథి తప్పితే అమ్మ ఇల్లు పీకి పందిరి వేస్తుంది. అలాంటి మనిషి, బతుకులో ఒక్కసారి తన కోసం తాను పెట్టుకున్న ప్రయాణంలో సరిగ్గా తిథి దగ్గరే బోల్తా పడింది.

అమ్మకు సముద్రమంటే పిచ్చి. చూడని సముద్రం కాబట్టి మరీ పిచ్చి. ఆమె చిన్నప్పుడు వాళ్లింట్లో అందరూ గోకర్ణం వెళ్తుంటే, అమ్మకు ఒళ్లంతా అమ్మవారు పోసిందట. ఆమెను ముసలమ్మ దగ్గర వదిలేసి మిగతావాళ్లు వెళ్లొచ్చారు. అమ్మ వాళ్ల అక్క, అంటే మా పెద్దమ్మ, సముద్రంలో మునిగి వచ్చి నెలల తరబడి ఆ కథే చెప్పిందట. ఇద్దరికీ తలలు నెరిశాయి. అయినా ఫోన్‌లో పోట్లాట ముదిరితే పెద్దమ్మ చివరికి తీసే అస్త్రం అదే. "సముద్రం సూడనిదానివి, నీకేం ఎరుకనే!" అంటుంది. అమ్మ టక్కున ఫోన్ పెట్టేస్తుంది. మర్నాడు మళ్లీ తనే చేస్తుంది.

మొన్న చలికాలంలో అమ్మ మోకాలు బాగా మొరాయించింది. ఆపరేషన్ తప్పదన్నారు. శివరాత్రి తర్వాత హైదరాబాదులో చేయించాలని నిశ్చయమైంది. ఆ రాత్రి నేను అన్నం పెడుతుంటే అమ్మ కంచం ముందు కూర్చుని మెల్లగా అడిగింది.

"ఆపరేషన్ కాకముందే నన్ను సముద్రానికి తోలుకపోతవా?"

"కాలు బాగైనంక నిమ్మళంగా పోదువు. ఇప్పుడెందుకే, కుంటుకుంట?" అన్నాను.

"అప్పుడది లోపల ఇనుము పెట్టిన కాలు. ఇది నేను పుట్టినప్పటి కాలు. దీంతోని నడుసుకుంట సముద్రంలకు దిగాలె. ఒక్కపారి. అంతే."

నేను నోటి దురుసు మనిషిని, ఎవరికైనా చప్పున జవాబు చెప్తాను. ఆ మాటకు మాత్రం అమ్మ కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసి, సరేనన్నాను.

సముద్రానికి పోవడమంటే కారెక్కి పోవడమా? అమ్మ దగ్గర దానికీ పద్ధతి ఉంది. సముద్రాన్ని ఎప్పుడైనా చూడొచ్చు, మొక్కొచ్చు. తాకడం మాత్రం అమావాస్యకో పున్నమికో. ఉత్త రోజుల్లో తాకితే పాపం. కాబట్టి శివరాత్రికి ముందు నెలలో వచ్చే అమావాస్యను ఆమే ఎంచింది. నాన్నను రమ్మంటే, "అమాస పూజ నాడు అంగడి ఇడ్సి నేనెట్ల వస్త? మీరు పోయి రాండ్రి" అన్నాడు. మా ఆయన బడిపంతులు. హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడి సెలవు సంపాదించాడు. కాస్త చుట్టైనా మధ్యలో పెద్దమ్మ ఇల్లు. విజయపుర దాటాక ద్రాక్షతోటల మధ్య ఊరు వాళ్లది. ముందురోజు రాత్రికి అక్కడ చేరి, నిద్ర చేసి, తెల్లారుజామున బయలుదేరితే మధ్యాహ్నానికల్లా గోకర్ణం. స్నానం, దర్శనం, అయిపోయింది. ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఉంటుందా అనుకున్నాం. ఇంటిల్లిపాదీ బుర్రలు ఏ గట్టున మేస్తున్నాయో ఇప్పటికీ అర్థం కాదు.

బయలుదేరినరోజు కల్లూరు దాటేవరకు అమ్మ ఇంట్లో నాన్న గ్యాస్ సరిగ్గా కట్టేస్తాడో లేదో అని సతాయించింది. సిరవారలో ఒగ్గాణి, మిర్చి తినాలని ఆగాం. మరమరాలు నానబెట్టి తాలింపు వేసిన ఒగ్గాణి, వేడి మిర్చి బజ్జీ ఉంటే మా రాయచూరు వాళ్లకు స్వర్గం కూడా రెండో మాటే. పక్క బల్ల మీద కాలువ కింద వరి సాగు చేసుకునే ఒక పెద్దావిడ టీ తాగుతోంది. మనిషిది కోస్తా. ఎప్పుడో ఇక్కడికొచ్చి స్థిరపడ్డా మాట మాత్రం అక్కడిదే. అమ్మ ఆగుతుందా? సముద్రానికి పోతున్నామని చెప్పేసింది.

"సముద్రానికాండీ? మా పుట్టినూరికి కూతవేటు దూరవే. చిన్నప్పుడు రోజూ అందులోనే ఉండేవాళ్లవండి!" అందావిడ.

"రోజూనా? అమాస, పున్నమ సూడకుండ దిగేటోళ్లా?" అమ్మ నోరు తెరిచేసింది.

"అయ్యో, అయ్యన్నీ చూసుకుంటే మేం ఎదిగేదెప్పుడండీ!"

కారెక్కాక నేను అందుకున్నాను. "ఇన్నవా? వాళ్లంతా పాపాత్ములేనా?"

అమ్మ కాసేపు కిటికీలోంచి వరి మళ్లు చూసి, "వాళ్లకది పుట్టినిల్లు. పుట్టింట్ల పొయ్యి కాడికి తిన్నగ పోతం, ఎవ్వరేమనరు. మనం సుట్టాలం. సుట్టాలు పిలిచిన నాడే పోవాలె" అంది. మా ఆయన స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి దణ్ణం పెట్టాడు.

పెద్దమ్మ గడపలోనే ఎదురొచ్చింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని కాసేపు ఏడ్చి, వెంటనే నువ్వు చిక్కావంటే నువ్వు చిక్కావని కొట్లాడుకున్నారు. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, గుత్తి వంకాయ, గడ్డపెరుగు. తినలేక చస్తుంటే ఇంకో రొట్టె మా కంచాల్లో పడుతూనే ఉంది. చేతులు కడుక్కుంటూ నేను, "పెద్దమ్మా, పొద్దున చీకట్లనే లేస్తం. చాయ్ ఒక్కటి పొయ్యి, చాలు" అన్నాను.

"చీకట్ల లేసి ఏడికి?"

"గోకర్ణం."

పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "రేపు అమాస గదనే! అమాస నాడు తోడబుట్టినదాన్ని గడప దాటిస్తనా నేను? ఏం మాట్లాడుతున్నరు మీరు?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ క్యాలెండర్ వైపు చూసింది. అమావాస్య నాడు సముద్రంలో మునగాలని పట్టుబట్టిన మనిషికి, అదే అమావాస్య నాడు ప్రయాణం కట్టకూడదన్న సంగతి తట్టనేలేదు! ఆమె ఊహలో అక్క ఇల్లు, సముద్రం పక్కపక్క వీధులు. మా అన్నయ్య ఉద్యోగానికి పోతుంటే అమావాస్య అని బస్టాండు నుంచి వెనక్కి పిలిపించిన మహాతల్లి ఈమే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మంచిది కాకపోతే కాకపాయె. కారుల పోతున్నం, కాలినడకన కాదు గద! ఏమైతది?"

"ఏమన్న అయితే? మోకాలు సరే, మనిషే లేకుంటే?" అంది పెద్దమ్మ.

పెద్దనాయనను అడిగాను, ప్రస్థానం పెడితే సరిపోదా అని. మంచిరోజు చూసి సంచి ఒకటి ముందే పక్కింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది నిన్ననే పెట్టాల్సుండె తల్లీ. అమాస అప్పుడే తగిలింది. ఇప్పుడు బేడ, వద్దు." ఆయనకు తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో వస్తాయి.

ఎదురుచెప్పడానికి అమ్మకు వీలే లేదు, అది ఆమె మాటే కాబట్టి. "అక్క చెప్పింది నిజమే" అని లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయి పడుకుంది. మా మీద అరిచినా బాగుండేది.

మర్నాడు, అంటే ఆ అమావాస్య నాడు, మమ్మల్ని సంతోషపెట్టాలని పెద్దనాయన తోట చూపించాడు. గుత్తులు పందిళ్ల కింద నల్లగా వేలాడుతున్నాయి. ఆయన ప్రతి గుత్తినీ మనవడిని చూపించినట్టు చూపిస్తున్నాడు. అక్కడినుంచి ఆ ద్రాక్ష కొనే వైన్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. చూడ్డానికి వచ్చేవాళ్లను లోపల తిప్పి చూపిస్తారు. ఇన్నేళ్లుగా పెద్దమ్మ కూడా ఆ గేటు దాటలేదట. "అమాస నాడు మంచి క్షేత్రానికే తెచ్చినవయ్యా!" అని మొగుణ్ణి సాధిస్తూనే కొంగు నిండా కప్పుకుని లోపలికి వచ్చింది.

ఇంటి మిద్దె కన్నా ఎత్తు స్టీలు ట్యాంకులు, నేల కింద చల్లటి గదిలో వరుసగా చెక్క పీపాలు. అంతా తిప్పి చూపించిన అమ్మాయి చివర్లో గాజు గ్లాసుల్లో కాస్త కాస్త పోసి, "స్వల్ప రుచి నోడ్రి, అమ్మా" అని రుచి చూడమంది. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "పెండ్లైన తెల్లారి మిగిలిన పండ్ల బుట్ట వాసనొస్తున్నది" అని వెనక్కి ఇచ్చేసింది. "ఇయ్యాల అమాస. నేనేం ముట్ట."

"అయితే రేపు తాగుతరా, అత్తమ్మా?" అన్నాడు మా ఆయన.

అందరం పడీపడీ నవ్వాం. అమ్మ నవ్వలేదు. పీపాల వైపు చూస్తూ, ఇందులో ఎన్నాళ్లు ఉంచుతారని అడిగింది. కొన్నింటిని ఏళ్ల తరబడి ఉంచుతామని ఆ అమ్మాయి చెప్పింది.

"దీనికేం, ఏండ్లకేండ్లు ఆగుతది. నేనే ఆగలేను" అంది అమ్మ. పెద్దమ్మ నవ్వు ఠక్కున ఆగిపోయింది.

పాడ్యమి పొద్దున సంచులు కారులో పెట్టాం. స్నానం లేకపోయినా చూసైనా వద్దామని అమ్మే అంది. మేం కూర్చున్నాక వెనక తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరుతో ఎక్కి, అమ్మను పక్కకు జరగమంది.

"నువ్వెక్కడికే?" అంది అమ్మ.

"నా ఇష్టం. పాడ్యమి గూడ ప్రయాణానికి..." అని ఇంకేదో అనబోయింది. మా ఆయన గబుక్కున కారు స్టార్ట్ చేశాడు.

హుబ్బళ్లి దాటాక కొండలు, అడవి, మలుపులు. వాంతులు, నిమ్మకాయలు, ఇద్దరి తగవులు. అన్నీ అయ్యి గోకర్ణం చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు దిగి ఇసుకలో అమ్మను చెరో పక్క పట్టుకున్నాం. చివరి దిబ్బ ఎక్కాక సముద్రం కనిపించింది. అమ్మ మా చేతులు విడిపించుకుంది. చాలాసేపు చూసి, "ఇంతనా!" అంది. ఎంత పెద్దదో అనా, ఇంతేనా అనా అని అడగబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

మెల్లగా ఒక్కో అడుగూ వేసుకుంటూ తడి ఇసుక మొదలయ్యే దగ్గరిదాకా తనే నడిచింది. అక్కడ ఆగి చేతులు జోడించింది. అల వస్తే రెండడుగులు వెనక్కి వేసింది.

"సాలు. సూసిన గద. సాలు" అంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఏం సాలు? ఇంత నొప్పి పెట్టుకోని, ఇంత దూరం వచ్చి, బెత్తెడు దూరంల నిలబడి సాలా? ఎవ్వరు సూస్తున్నరే నిన్ను? దిగమ్మా, నీకు దండం పెడ్త!"

"తప్పు బిడ్డా. ఇయ్యాల తాకొద్దు."

పెద్దమ్మ అప్పటిదాకా వెనకే ఉంది. కవరు మా ఆయన చేతిలో పెట్టింది. చెప్పులు విడిచింది. కుచ్చిళ్లు ఎగదోపి, మా పక్కనుంచే తిన్నగా నీళ్లలోకి నడిచిపోయింది. అల మోకాళ్లకు తగిలి, తూలి, చీర మొత్తం తడిసేలా అక్కడే చతికిలబడింది.

"అక్కా! ఏం పని జేస్తివే! పాడ్యమి గద!" అమ్మ కేక పెట్టింది.

"తాకిన! అయిపాయె!" పెద్దమ్మ ముఖం మీది నీళ్లు తుడుచుకుంటూ అరిచింది. "మొన్న నిన్ను ఆపింది నేను. నేను ఆపకుంటే అమాస నాడే మునుగుతుంటివి. ఈ పాపం నాదే, నీకు సంబంధం లేదు. రా! వచ్చి నా చెయ్యి పట్టుకో!"

అమ్మ కదల్లేదు.

"పాపం నీ ఒక్కదానిదే అయితే నేను రాను" అంది చివరికి. "సగం నాకిస్తనంటే వస్త."

"సరేనే మొండిదానా, సగం సగం! రా!"

అమ్మ నీళ్లలో కాలు పెట్టింది. ముందు నొప్పి ఉన్న కాలే. అల వచ్చి పాదం మీంచి పోతే "అబ్బా" అని నవ్వింది. మళ్లీ అడుగు, మళ్లీ అడుగు. పెద్దమ్మ లేచి చెయ్యి చాపింది. ఇద్దరూ చేతులు పట్టుకుని నడుముల దాకా పోయి ఒక్కసారే మునిగారు. లేచేసరికి ఇద్దరి జుట్లూ ముఖాల మీద పడి ఎవరు అమ్మో ఎవరు పెద్దమ్మో పోల్చుకోలేకపోయాను. ఉప్పు నీళ్లు ఉమ్ముకుంటూ, ఒకరినొకరు పట్టుకుని, చిన్నపిల్లల్లా పకపకా నవ్వుతున్నారు. మా అమ్మ అలా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు.

ఇంక నన్ను నేను ఆపుకోలేకపోయాను. చెప్పులు విసిరేసి పరుగెత్తాను. అమ్మ నన్ను చూసింది. ఆ నవ్వు మాయమైపోయింది. అలల మధ్య నుంచి రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ గొంతు చించుకుని అరిచింది.

"ఆడనే ఆగు! నువ్వు దిగకు! ఇయ్యాల పాడ్యమి, పాపం తగులుతది! ఒక్క అడుగేస్తివా, కాళ్లు ఇరగ్గొడ్త!"

నేను ఇవేవీ నమ్మను. అయినా ఆగిపోయాను.