సైరన్ కూత, నేను చెప్పిన తప్పు పాఠం

మాది కొడకండ్ల. భూపాలపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్‌ని. ఏటేటా ప్రిన్సిపాల్ మళ్లీ రమ్మంటేనే ఉద్యోగం, లేకపోతే ఇంటిదారే. ఆ రోజు పొద్దున్నే ఆయన పిలిచి, "ఫిజిక్సుకు పిల్లలే లేరు. వచ్చే ఏడు నిన్ను పెట్టుకొని ఏం చేయాలె?" అన్నాడు. ఆ మాట మింగుడు పడకుండానే క్లాసుకు పోయాను.

ఆ రోజు పాఠం ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం. దానికి ఆధారమైన రెండు సూత్రాలు చెప్పడం తేలికే. ఆగి ఉన్నవాడికైనా, ఒకే వేగంతో తిన్నగా పోతున్నవాడికైనా ప్రకృతి నియమాలు ఒకటే. వెలుగు వేగం వాళ్లలో ఎవరు కొలిచినా ఒకటే. అయితే, ఒకరికి రెండు చోట్ల ఒకేసారి జరిగిన సంగతులు, వాళ్లను దాటి కదిలిపోతున్నవాడికి ఒకేసారి జరగవు అనేసరికి ఉన్న తొమ్మిది మందీ తెల్లమొహం వేశారు. నా తెలివి చూపించుకోవాలి కదా! ఏటా చెప్పే బొగ్గుబాయి సైరన్ ఉదాహరణే అందుకున్నాను. ఈ ఊళ్లో ఆడవాళ్లు ఆ కూత విని పొయ్యి మీద ఎసరు పెడతారు.

"కూత బాయి పక్కనోళ్లకు ముందు వినవడ్తది, దూరమోళ్లకు లేటుగ. చూసిండ్రా, ఎవరి టైము వాళ్లదే!" అన్నాను.

అందరూ తలలూపారు. ఒక్క పిల్ల మాత్రం లేచి నిలబడింది. వాళ్ల నాయన బాయిలో పనిచేస్తాడు.

"సార్, బాయి కాన్నుంచి మా ఇల్లు రెండు కిలోమీటర్లు. కూత మాకు ఆరు సెకండ్లు లేటుగ వస్తది. ఆ ఆరు తీసేస్తె మా బాపు టైము, మా టైము ఒక్కటే గద. గిందుల కొత్తేముంది?"

"ఓహో! మేడంకు అన్నీ తెలిసినట్టున్నయి. రా, నువ్వు బోర్డు కాడ నిలబడు, నేను బెంచీ మీద కూసుంట."

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకొని కూర్చుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే అదే.

సాయంత్రం గదికి వచ్చి పుస్తకం తెరిస్తే తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల చెప్పిందే నిజం. కూత ఆలస్యంగా చేరడం వేరు, సాపేక్షత వేరు. కబురు చేరడానికి పట్టిన సమయాన్ని లెక్కగట్టి తీసేసినా, కదులుతున్నవాడికి, ఆగి ఉన్నవాడికి ఏవి ఒకేసారి జరిగాయన్న దాంట్లో ఇంకా తేడా మిగులుతుంది. అదీ అసలు సంగతి. ఆరేళ్లుగా నేను ఈ పాఠం తప్పుగా చెబుతున్నాను. ఛీ, నాదీ ఒక చదువేనా!

మర్నాడు అందరి ముందూ ఒప్పుకుందామనుకున్నాను. ఆ పిల్ల చివరి బెంచీలో కూర్చుంది. నేను తర్వాతి పాఠం ఎత్తుకున్నాను. సారుకే పాఠం రాదని ప్రిన్సిపాల్ చెవిన పడితే నా గతేంటి? రేపు చెబుదాంలే అనుకున్నాను. అట్లా నాలుగు రేపులు గడిచాయి. తర్వాత ఆమె రావడం మానేసింది.

మూడు వారాలకు వాళ్లమ్మ టీసీ కోసం వచ్చింది. ఫారం మీద ల్యాబ్ బాకీలు లేనట్టు నా సంతకం కావాలని ప్రిన్సిపాల్ తన గదికి పిలిపించాడు.

"మా పిల్లకు ఫిజిక్సు అబ్బదట సారు," అంది ఆమె. "తప్పు చెప్పి మీతోని తిట్లు తిన్నదట గద. ఇగ సదువద్దు, బట్టల షాపుల పనికి పోత అంటున్నది."

ప్రిన్సిపాల్ తలెత్తి నా వైపు చూశాడు. అమ్మా, తప్పు నాది, నీ బిడ్డ చెప్పిందే సరైనది, దాన్ని మాన్పించకు అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మంచి పిల్లేనమ్మా," అన్నాను.

"మంచిదైతే ఏం లాభం సారు, తెలివుండాలె గద," అంటూ ఆమె ఫారం నా ముందుకు జరిపింది.

నేను సంతకం పెట్టి ఇచ్చాను.