‘తర్వాత’ నొక్కుతూ గడిపిన ఎనిమిది నెలలు

మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. మా గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి పదకొండూ ఐదు అనుకోండి. మంగళగిరిలో మా మగ్గాల షెడ్డులో నేను నోరు పారేసుకున్న వేళ అది. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు, చదువులో మాత్రం మూడేళ్ళ పిల్లని. ఆ కాలం తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది, సిగ్గే ఎక్కువ. కొత్తగా చదవడం వచ్చినవాళ్ళకి ఒక పొగరుంటుంది. బస్సు మీద బోర్డు, మందుసీసా మీద కాగితం, ఏది కనబడితే అది పైకి చదివేసేదాన్ని. విజయవాడ వెళ్ళి బెంజ్ సర్కిల్‌లో దిగితే షాపుల బోర్డులన్నీ అయ్యేదాకా రోడ్డు దాటేదాన్ని కాదు. (“ఏమేవ్, అవన్నీ చదివితే ప్రైజేం ఇవ్వరు, కదులు” అని మా ఆయన మోచేత్తో పొడిచేవాడు.)

నాకు అక్షరాలు నేర్పింది మా తోడికోడలు. అందరం చిట్టి అంటాం. నాకంటే పదేళ్ళు చిన్నది, పదో తరగతి దాకా చదివింది. నా మగ్గం పక్కనే ఆమె మగ్గం. నేస్తూ నేస్తూనే “అక్కా, ‘క’కి కొమ్మిస్తే?” అని అడిగేది, నేను నాడె విసురుతూ “కు” అనేదాన్ని. ఒత్తుల దగ్గర మటుకు తగువే. “ఇవన్నీ కింద వేలాడటం ఎందుకే?” అంటే, “పైన చోటు లేక అక్కా, నువ్వు నెయ్యి” అనేది. నేను ఫోను కొన్నాక దానికి నాలుగంకెల తాళం పెట్టిందీ ఆమే. ఆ అంకెలు మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియవు. మా ఆయనకి కూడా చెప్పలేదు. (ఆయన అడగనూ లేదు.)

ఆ ఫోను ఒకరోజు అప్‌డేట్ చేసుకోమని అడిగింది. మర్యాదగా అడిగింది కదా అని సరేనన్నాను. తీరా చూస్తే నేను లేనప్పుడు ఎవరో వచ్చి వంటిల్లు సర్దిపోయినట్టుంది లోపల. ఫోన్ చేసే గుర్తు రంగు మారింది, ఫొటోలుండే చోట గడియారం వచ్చి కూర్చుంది. నేను చదివి కాదు, చోటు చూసి నొక్కే మనిషిని. మా చెల్లెలికి చెయ్యబోతే పాలావిడకి వెళ్ళింది, వెళ్ళింది కదా అని రెండు ప్యాకెట్లు ఎక్కువ వెయ్యమన్నాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక దీని మాట వినకూడదని. మా పనిలో పడుగు మగ్గమెక్కాక అది అయిపోయేదాకా మధ్యలో ఏదీ మార్చం. మారిస్తే గుడ్డ చెడుతుంది. బాగా నడిచే ఫోనుని మాత్రం మధ్యలో కెలకడం దేనికి? అందుకని తర్వాత అది ఎప్పుడు అడిగినా కూడబలుక్కుని చదివేదాన్ని. “కొత్త ఫీచర్లు, భద్రతా లోపాల సవరణ” అని ఉండేది. కింద రెండు బటన్లు, ‘ఇప్పుడే’ అని ఒకటి, ‘తర్వాత’ అని ఒకటి. లోపాలున్నాయని తనే ఒప్పుకుంటోంది, దీన్ని నమ్మేదెట్లా అనుకుని ‘తర్వాత’ నొక్కేదాన్ని. చిట్టి చెప్పింది కూడా, “అక్కా, భద్రత అంటోంది, చేసెయ్యి” అని. “నాకు చదవడం వచ్చులేవే” అన్నాను.

అలా ‘తర్వాత’ నొక్కుతున్న రోజుల్లోనే నేనొక కొత్త అంచు కట్టాను. మా పుట్టిల్లు ఉయ్యూరు పక్కన. చెరుకు తోటల్లో పెరిగినదాన్ని. చెరుకు గడ మీద కణుపులు వరసగా వచ్చినట్టు జరీలో అంచు. మచ్చు ముక్క నేసి, ఫొటో తీసి, ముక్కని ట్రంకుపెట్టెలో అడుక్కి దాచాను. చిట్టికి కూడా చూపించలేదు. చీర పూర్తయ్యాక చూపించి నోరు తెరిపిద్దామని నా సరదా. అంత గుట్టుగా ఉన్నదాన్ని, జరీ కోసం విజయవాడ వెళ్ళినప్పుడు ఒక చీరల షాపులో మాత్రం ఆగలేకపోయాను. “నా దగ్గరొక అంచు ఉందయ్యా, మీ షాపు మొత్తంలో అట్లాంటిది లేదు. ఈ ఫోనులో ఉంది, చూపించను” అన్నాను. చూపించననడం కూడా గొప్పే ఆ రోజుల్లో. ఆ తర్వాత ఆ ఫోనే ఛార్జింగ్ పెట్టమని కౌంటర్లో ఇచ్చి, పై అంతస్తులో చీరలు చూడ్డానికి వెళ్ళాను. తాళం వేసుంది కదా.

మూడు వారాలకి ఆ మంగళవారం వచ్చింది. నూలుకి రంగులద్దే బాబాయి చేతిలో కవరుతో షెడ్డులోకి వచ్చాడు. “అమ్మాయ్, మా పిల్ల బజార్లో కొనుక్కుంది. ఉయ్యూరు వైపు దానివి కదా, ఈ చెరుకు గడ అంచు మీ ఇంట్లోదేనా?” అని చీర విప్పాడు. మరమగ్గం గుడ్డ, దాని మీద నా కణుపులు. లెక్కతో సహా నావే. ఫోను చేతిలోకి తీసుకుని చిట్టి వైపు తిరిగాను.

“దీని తాళం తెలిసింది ఎవరికే?”

“నాకే అక్కా. అయితే?”

“అయితే ఏంటి? ఫొటో దానంతటదే ఆటో ఎక్కి బజారుకి పోయిందా?”

మా మరిది, చిట్టి మొగుడు, మగ్గం దిగి వచ్చాడు. “వదినా, ఆ మాట అనకండి.”

“నువ్వాగవయ్యా. దొంగతనానికి దొంగతనం అనక ఏమంటారు?”

మంచం మీద మా అత్తగారు. ఎనభై దాటాయి, చెవులు వినబడవు. “ఏంటంటా? ఏంటంటా?” అని అందరి మొహాలూ చూస్తోంది. మిగతావాళ్ళు ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. దగ్గరికి వెళ్ళి “నీ చిన్నకోడలు నా అంచు అమ్ముకుంది” అని అరిచాను. “ఎవరు?” అంది. మళ్ళీ అరిచాను. “ఏం అమ్ముకుంది?” అంది. మూడోసారి అరిచేసరికి సైకిలు మీద ఇడ్లీలమ్మే పిన్ని వీధిలో సైకిలాపి గుమ్మంలోకి వచ్చింది. (మనిషిని ఒక్కసారి తిట్టి ఊరుకుంటే పొరపాటనుకోవచ్చు. మూడుసార్లు, వినబడేదాకా తిడితే దాన్నేమంటారో నేను చదువుకోలేదు.)

చిట్టి ఏడవలేదు. “నీ ఫోను దొంగతనంగా చూసేదాన్నయితే నీకు చదువెందుకు నేర్పుతానక్కా?” అంది. సగం నేసిన పడుగుని కత్తెరతో కోసి, చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మగ్గం తీసుకెళ్ళి రెండు వీధుల అవతల అద్దె షెడ్డులో వేసుకున్నారు.

నాలుగు నెలల తర్వాత ఫోనులో ఛార్జింగ్ నిలవడం లేదని విజయవాడలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అతను చూసి, “అమ్మా, దీనికి అప్‌డేట్ చేసి ఎన్నాళ్ళయిందండీ?” అన్నాడు.

“ఎనిమిది నెలలుగా చెయ్యలేదు నాయనా. బాగానే పనిచేస్తుందిగా.”

“పనిచేస్తుందండీ, దొంగకి కూడా. ఇటు చూడండి.”

తాళం తియ్యలేదు. నా నాలుగంకెలు అడగలేదు. తాళం మీదున్న కెమెరా గుర్తుని లాగాడు, ఒక ఫొటో తీశాడు, వేలితో అటు రెండుసార్లు, ఇటు ఒకసారి జరిపాడు. నా ఫొటోలన్నీ వచ్చేశాయి. మనవరాలి బారసాల, అత్తగారి కళ్ళజోడు, నా చెరుకు కణుపులు. “ఈ వెర్షన్‌లో ఇదొక లోపమండీ. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు, మీరు చేసుకోలేదు” అన్నాడు. ఆ చీరల షాపులో ఎవరు తీశారో, అసలు అక్కడే తీశారో లేదో నేను చూడలేదు, కాబట్టి ఈసారి ఎవర్నీ ఏమీ అనను. చిట్టికి తెలిసిన అంకెలు ఎవరికీ అక్కరలేకపోయాయన్నది మాత్రం కళ్ళారా చూశాను.

అక్కడే అప్‌డేట్ చేయించుకుని, సరాసరి ఆమె షెడ్డుకి వెళ్ళాను. చెప్పుకున్నాను. మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది, అంతా వింది. “సరే అక్కా. కానీ నువ్వన్నది అంతమంది ముందు. ఇప్పుడు నా ఒక్కదానికి చెప్తే ఎట్లా?” అంది.

“అందర్నీ పిలుస్తానే, రేపే పిలుస్తాను.”

“అత్తయ్యని ఎట్లా పిలుస్తావు?”

అప్పటికి అత్తగారు పోయి నెల దాటింది. పోయే ముందు కూడా, చిట్టి అన్నం పెట్టడానికి వస్తే, ఆవిడ దిండు కింద తాళంచెవుల గుత్తి తడుముకునేది. అది నేర్పింది నేనే.

చిట్టి ఇప్పుడు నాతో మాట్లాడుతుంది. పండక్కి పిలిస్తే వస్తుంది. కానీ నా ఫోను పట్టుకోమంటే పట్టుకోదు. చేతులు వెనక్కి పెట్టుకుని, “నువ్వే నొక్కక్కా, నేను చెప్తాను” అంటుంది. అందుకే నాకొచ్చిన నాలుగు ముక్కల్లో ఇది రాసి అచ్చుకిస్తున్నాను. ఒత్తుల్ని ఆమె చేతే దిద్దించుకుందామనుకున్నాను గానీ, అడగడానికి మొహం చెల్లలేదు. తప్పులుంటే నావే.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు వీళ్ళు. చీర తెచ్చిన రంగుల బాబాయి. మా మరిది, నన్ను ఆపబోయిన ఒకే ఒక్క మనిషి. మా ఆయన, మగ్గం వెనకాల, తెగని దారాన్ని అతుకుతూ. గుమ్మంలో ఇడ్లీల పిన్ని. మంచం మీద మా అత్తగారు, చెయ్యి చెవికి ఆనించుకుని. ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆవిడకి ఇక చేరదు. చిట్టి, ఏ తప్పూ చెయ్యని మనిషి. ఇక నేను, ఫోను గట్టిగా పట్టుకుని, దాని తాళం మీద అంత నమ్మకంతో.