పత్తి కుళ్ళాయి

మా చిన్నప్పుడు... శివరాత్రి దాటితే చాలు, ఆదోనిలో ఎండ ముదిరేది. మా తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి తీసి కర్నూలులో కలిపిన కొత్త అది. అమ్మ తెల్లవారకముందే జొన్నరొట్టెలు కాల్చి, మూట కట్టుకొని, గింజ వేరుచేసే పత్తి జిన్నుకు బయలుదేరేది. కుప్పలు పోసిన పత్తిలో ఆకూ పుల్లా ఏరడం ఆడవాళ్ళ పని. నాన్న అక్కడే పత్తి నింపిన బోరాలు మోసేవాడు.

అమ్మ వెంట నేనూ, తమ్ముడు ఈరన్నా పోయేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఐదు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు.

వాడి కాళ్ళూ చేతులూ వాడి మాట వినేవి కావు. మూడేళ్ళు దాటాక గానీ నిలబడలేదు. నడిస్తే మడమ నేలకు ఆనేది కాదు, మోకాళ్ళు ఒకదానికొకటి తగులుకొనేవి. పడబోయే పిల్లలు ఎవరైనా చేతులు ముందుకు చాస్తారు. వీడి చేతులు ఆలస్యంగా కదిలేవి... ఆలోగా నుదురు నేలకు తగిలేది. మా ఇంట్లో పరిచినవన్నీ నాపరాళ్ళు. గడప, రోలు, నీళ్ళ తొట్టి అంచు... దేనికీ వాడు తగలకుండా పొద్దు గడిచేది కాదు.

అమ్మ రోలుకు గోనెపట్టా చుట్టింది. జిన్నులో మేస్త్రీ చూసీ చూడనట్టు వదిలేసిన చెత్త పత్తిని పాత చీర పేలికలో దట్టంగా కూరి, వాడికి కుళ్ళాయి కుట్టింది. అది నెత్తిన పెట్టుకొని వీధిలోకి వస్తే పిల్లలు "పత్తి మూట వచ్చెరా, తూకమెయ్యండిరా!" అని అరిచేవాళ్ళు. వాడూ నవ్వేవాడు.

అమ్మ చేసే ఇంకొక పని మాత్రం ఎవరికీ నచ్చేది కాదు. వాడు పడితే పరుగెత్తేది కాదు. ఉన్నచోటనే నిలబడి, కొంగు పిడికిట్లో బిగించి చూసేది. వాడు మెల్లగా మోకాళ్ళు కూడదీసుకొని, గోడ పట్టుకొని లేచేవాడు. లేచి, "మా, లేసినా" అనేవాడు. అప్పుడు దగ్గరికి పోయి రక్తం తుడిచి పసుపు అద్దేది.

నేను లేపబోతే చెయ్యి పట్టి ఆపేది. "నువ్వెన్నాళ్ళు లేపుతావే?" అనేది.

ఆ ఎండాకాలం మద్దికెర నుంచి మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమె వాకిట్లో కాలు పెట్టేసరికి తమ్ముడు గడప తట్టుకొని పడ్డాడు. కుళ్ళాయి ఊడి దూరంగా పోయింది. కనుబొమ చిట్లింది. అమ్మ కదల్లేదు.

"ఏందమ్మే నాగమ్మా, బిడ్డకు రక్తం కారతాంటే బయలాట సూసినట్టు సూస్తాండావు! సేతులు పడిపోయినాయా నీకు?"

"లేస్తాడు వదినా. రోజూ లేస్తాడు."

అత్త వాణ్ణి లేవనివ్వలేదు. ఎత్తుకొని, చొక్కా విప్పి ఒళ్ళంతా చూసింది. అన్నీ దెబ్బలే... కొన్ని పచ్చివి, కొన్ని మానినవి.

"ఇవన్నీ పడినవేనా? కొడతాండావా?"

వాకిట్లో ఆడవాళ్ళు చేరారు. "మేమూ అదే అనుకుంటాండామక్కా" అంది పక్కింటామె. అమ్మ పోయి, ఊడిపడిన కుళ్ళాయి తీసి దుమ్ము దులిపింది.

సాయంత్రం నాన్న వచ్చి అంతా విన్నాడు. "అక్కోళ్ళది మట్టి ఇల్లు. పడినా ఇంత తగలదు. కొన్నాళ్ళు ఆడ ఉండనీ" అన్నాడు.

అమ్మ అత్త ముందు కూర్చుంది. "వాణ్ణి నడిపిస్తావా వదినా?"

"నా పానం మాదిరి సూసుకుంటా. ఒక్క గీత పడనియ్యను."

"గీత పడినా ఏం కాదు... నడిపియ్యి."

అమ్మ కుళ్ళాయి ఉతికి వాడి బట్టల మూటలో పెట్టింది. అత్త వాణ్ణి మద్దికెరకు తీసుకుపోయింది.

అత్త మాట తప్పలేదు. పుష్యమాసంలో, జిన్ను మళ్ళీ మొదలైన వారం, తమ్ముణ్ణి చంకనేసుకొని వచ్చింది. వాడు బుగ్గలొచ్చి, తలకు నూనె పెట్టుకొని ఉన్నాడు. కుళ్ళాయి ఉతికి పంపినప్పటిలాగే ఉంది.

"సూడమ్మే, యాడన్నా ఒక్క దెబ్బ సూపించు" అంది అత్త, సంతోషంగా.

అమ్మ వాడి కాళ్ళు తడిమింది. కాయలు కాసిన మోకాళ్ళు మెత్తబడిపోయాయి. పిక్కలు సన్నబడి, కాళ్ళు మడిచినచోటనే బిగుసుకుపోయాయి. కుళ్ళాయి పెట్టి బండ మీద నిలబెట్టింది. జారి కూలబడ్డాడు. అమ్మ వెనక్కి జరిగి, కొంగు పిడికిట్లో బిగించి నిలబడింది. నేనూ, నాన్నా చూస్తున్నాం.

వాడు గోడ వైపు చూడలేదు. రెండు చేతులూ పైకెత్తి, "మా, ఎత్తుకో" అన్నాడు.

అత్త మా ముఖాలు మార్చి మార్చి చూసింది. "ఏమాయనే? నేనేం తక్కువ సేసినానే?" అంది.

వాడు మళ్ళీ నడవలేదు.

ఇప్పుడు ఇలాంటి పిల్లలను ఆసుపత్రుల్లో కమ్మీలు పట్టించి నడిపిస్తున్నారు, కాళ్ళు నిలిచేలా ఊతపట్టీలు కడుతున్నారు... మాకు ఆనాడు ఉన్నది ఆ కుళ్ళాయి ఒక్కటే. మీ ఇళ్ళలో ఇలాంటి పిల్లలు ఉండి ఉంటే, వాళ్ళ అమ్మలు ఏం చేసేవారో రాయండి, చదువుతాను.

అత్త మరునాడు పొద్దున గుంతకల్లు బండికి వెళ్ళిపోయింది. అదే పొద్దున అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకొని జిన్నుకు వెళ్ళింది.